నాటిన వనం, నిలిచిన అరణ్యం: సింహరాజ ప్రాచీనారణ్యం – జీవావరణం, పరిరక్షణ, విలువ

సంయుత్త నికాయంలోని వనరోప సుత్తం ఆరామాలను, వనాలను నాటినవారి పుణ్యాన్ని కొనియాడుతుంది. అశోక చక్రవర్తి తన ఏడవ స్తంభ శాసనంలో బాటల వెంట మర్రిచెట్లను, మామిడితోపులను నాటించినట్లు చెప్పుకున్నాడు. విహారాలలో మొక్కలు నాటే సందర్భాలలో తరచుగా ఉదాహరించే ఆధారాలు ఈ రెండే. అయితే అదే వాఙ్మయంలో, అదే చక్రవర్తి శాసనాలలో, ఇంత ప్రచారం పొందని మరొక ఆదేశం ఉంది. వినయపిటకంలోని భూతగామ శిక్షాపదం చెట్టుచేమలకు హాని చేయరాదని భిక్షువును నియమిస్తుంది. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు వెలువడిన అశోకుని ఐదవ స్తంభ శాసనం అడవులను నిష్కారణంగా గాని, ప్రాణిహింస కోసం గాని తగులబెట్టరాదని నిషేధిస్తుంది.

నాటడం ఒక ధర్మం. నిలిచి ఉన్నదానిని చెరపకుండా ఉండటం వేరొక ధర్మం. మొదటిది రెండవదానికి బదులు కాగలదా అన్న ప్రశ్న నేడు ఆచరణలో ఎదురవుతోంది. ఒకచోట అడవిని తొలగించి మరొకచోట మొక్కలు నాటితే లెక్క సరిపోయినట్లే భావించే పద్ధతి ప్రభుత్వ వ్యవహారాలలోను, ధార్మిక సంస్థల నిర్మాణ ప్రణాళికలలోను కూడా కనిపిస్తుంది. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి శ్రీలంకలోని సింహరాజ అరణ్యం అనువైన క్షేత్రం. అక్కడ గొడ్డలి పడిన భాగం, పడని భాగం, మానవులు నాటిన భాగం పక్కపక్కనే ఉన్నాయి. ఆ మూడింటినీ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పోల్చి చూస్తున్నారు. పైగా ఆ ద్వీపంలో అరణ్యవాస సంప్రదాయం నేటికీ సజీవంగా ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండపై సింహళ విహారం వెలసిన నాటి నుంచే ఆంధ్రదేశానికి ఆ సంప్రదాయంతో పరిచయం ఉంది.

ప్రాచీనారణ్య లక్షణాలు

ప్రాచీనారణ్యం అంటే కేవలం వయసు మళ్లిన చెట్ల సమూహం కాదు. నూరేళ్ల టేకుతోటలో ప్రతి చెట్టూ పాతదే అయినా ఆ తోట ప్రాచీనారణ్యం కాజాలదు. అన్ని చెట్లూ ఒకే జాతివి, ఒకే ఈడువి కావడమే అందుకు కారణం. ప్రాచీనారణ్యంలో నిన్న మొలిచిన మొక్క, పాతికేళ్లుగా నీడలో ఎదుగుబొదుగు లేకుండా వేచి ఉన్న పిల్లచెట్టు, శతాబ్దాల మహావృక్షం, నిలుచున్నచోటే ఎండిన మోడు, నేలకొరిగి నాచు పట్టిన మాను – అన్నీ ఒకే చోట ఉంటాయి. ఒక మహావృక్షం కూలినప్పుడు పైకప్పులో రంధ్రం పడుతుంది. ఆ వెలుతురు నేలను తాకగానే వేచి ఉన్న పిల్లచెట్లు పైకి లేస్తాయి. ఇటువంటి చిన్నచిన్న ఖాళీలు ఒక్కొక్కటిగా ఏర్పడుతూ, ఒక్కొక్కటిగా పూడుతూ ఉంటాయి. అడవి అంతా ఒక్కసారిగా పుట్టదు, ఒక్కసారిగా ముసలిది కాదు. మరణం, జననం ఎడతెగక సాగుతుండగా మొత్తం మాత్రం నిలిచి ఉంటుంది.

మనిషి అడుగు ఎన్నడూ పడనిదే ప్రాచీనారణ్యమనే అభిప్రాయం కూడా సరైనది కాదు. సింహరాజ చుట్టుపక్కల గ్రామస్థులు తరతరాలుగా ఆ అడవిలో జీలుగుచెట్టు కల్లు గీసి బెల్లం కాచుకున్నారు. వెదుర్లు, పేముతీగలు, ఏలకులు, మందుతీగలు సేకరించుకున్నారు. అడవి నిలిచింది. ఒక తరం చెట్లు మరొక తరానికి చోటు అప్పగించే క్రమం తెగకపోవడమే ప్రాచీనత్వానికి గుర్తు. వయసు కన్నా ఈ పరంపర ముఖ్యం. ఏడాది పొడవునా వానలు కురిసే అడవులలోని చెట్లలో స్పష్టమైన వార్షిక వలయాలు సాధారణంగా ఏర్పడవు గనుక అక్కడ వయసును లెక్కించడం కూడా తేలిక కాదు.

సింహరాజ స్వరూపం

శ్రీలంక నైరుతి భాగంలో రత్నపుర, గాలె, మాతర జిల్లాల సరిహద్దులలో సింహరాజ విస్తరించి ఉంది. ఏటా 3,000 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా, కొన్ని సంవత్సరాలలో 5,000 మిల్లీమీటర్ల వరకు వర్షం కురుస్తుంది. దీని నీరు ఉత్తరాన కలు గంగకు, దక్షిణాన గిన్ గంగకు చేరుతుంది. 1978లో యునెస్కో దీనిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 1988లో శ్రీలంక ప్రభుత్వం జాతీయ వారసత్వ అరణ్యంగా ప్రకటించగా, అదే సంవత్సరం 8,864 హెక్టార్ల విస్తీర్ణంతో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడి వృక్షజాతులలో 60 శాతానికి పైగా శ్రీలంకలో తప్ప మరెక్కడా సహజంగా పెరగవు.

ఈ అడవిలోని ప్రధాన వృక్షాలు బౌద్ధ పాఠకులకు అపరిచితమైనవి కావు. సింహళీయులు 'నా' అని పిలిచే నాగకేసరం ఇక్కడ విరివిగా పెరుగుతుంది. అది శ్రీలంక జాతీయ వృక్షం. బుద్ధవంసం ప్రకారం మంగళ, సుమన, రేవత, సోభిత బుద్ధులు సంబోధి పొందినది నాగవృక్షం కిందనే. నాగకేసరంతో పాటు షోరియా ప్రజాతికి చెందిన అనేక వృక్షాలు ఇక్కడి పైకప్పును ఏర్పరుస్తాయి. శాక్యముని మహాపరినిర్వాణ సమయంలో ఇరువైపులా నిలిచిన సాలవృక్షాలు కూడా షోరియా ప్రజాతివే. కుశీనగర సాలవనం, సింహరాజ పైకప్పు ఒకే వృక్షకుటుంబానికి చెందిన రెండు శాఖలని చెప్పవచ్చు.

1990వ దశకంలో ఈ అరణ్యంలో 25 హెక్టార్ల అధ్యయన క్షేత్రాన్ని ఏర్పాటు చేశారు. పేరాదెణియ విశ్వవిద్యాలయానికి చెందిన నిమల్ గుణతిలక, సావిత్రి గుణతిలక దంపతులు ఈ కృషికి నాయకత్వం వహించారు. కాండం ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకూ సంఖ్య వేసి, పేరు గుర్తించి, కొలిచి, కొన్నేళ్లకొకసారి మళ్లీ కొలుస్తున్నారు. ఆ 25 హెక్టార్లలోనే రెండు లక్షలకు పైగా కాండాలు, రెండు వందలకు పైగా జాతులు లెక్కకు వచ్చాయి. ఈ లెక్కలో తేలిన విశేషం మరొకటి ఉంది. జాతులు యథేచ్ఛగా చెల్లాచెదురుగా లేవు. కొన్ని లోయలనే ఎంచుకుంటాయి, కొన్ని గట్ల మీదనే నిలుస్తాయి. దగ్గరి బంధువులైన షోరియా జాతులు కూడా ఒకే కొండవాలును తమలో తాము పంచుకుంటాయి. నేల, తేమ, వెలుతురులలోని సూక్ష్మభేదాలకు అనుగుణంగా దీర్ఘకాలంలో కుదిరిన అమరిక ఇది. ఏ నర్సరీ పట్టికా దీనిని ముందుగా రాసి ఇవ్వలేదు.

విత్తనం వేచి ఉండదు

నరికిన ప్రాచీనారణ్యం తిరిగి ఎందుకు రాదన్న ప్రశ్నకు మొదటి సమాధానం విత్తనంలో ఉంది. పొలాల వెంట, బాటల పక్కన మొలిచే చెట్లలో అనేకం విత్తనాలను నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంచగలవు. అనుకూల సమయం రాగానే అవి మొలకెత్తుతాయి. షోరియా కుటుంబంలోని చెట్లకు ఆ శక్తి లేదు. ఉత్తర భారతంలో సాలఫలాలు జూన్ నెలలో తొలకరి వేళకు పండి రాలుతాయి. వారం పది రోజులలో తేమ దొరకకపోతే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. సింహరాజలోని షోరియా విత్తనాల స్వభావమూ ఇదే. ఎండబెట్టి, సంచిలో నింపి, భద్రపరచి, మరుసటి సంవత్సరం చల్లుకునే వీలు లేదు. పైగా ఇవి ప్రతి ఏటా సమృద్ధిగా కాయవు. కొన్నేళ్లకొకసారి అనేక చెట్లు ఒకే కాలంలో పూచి కాస్తాయి.

ఫలానికి రెక్కలవంటి రేకులు ఉన్నప్పటికీ అది ఎంతో దూరం పోదు. అధికభాగం తల్లిచెట్టు దరిదాపులలోనే రాలుతుంది. మొలక బతకడానికి నీడ కావాలి. అంతేకాక ఈ వృక్షాల వేళ్లు నేలలోని కొన్ని ప్రత్యేక శిలీంధ్రాలతో కలిసి జీవిస్తాయి. శిలీంధ్రం మట్టిలోని పోషకాలను వేరుకు అందిస్తుంది, వేరు తాను తయారుచేసిన చక్కెరను శిలీంధ్రానికి ఇస్తుంది. వర్షాలకు సారం కొట్టుకుపోయిన ఆ నేలలలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేనిదే మొక్క నిలదొక్కుకోలేదు. చుట్టూ పెద్దచెట్లు ఉంటే ఆ శిలీంధ్రాలు నేలలో సిద్ధంగా ఉంటాయి.

ఈ కారణాలన్నింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఇటువంటి అడవికి తన భవిష్యత్తును దాచుకునే ధాన్యాగారం నేలలో లేదు. అది నిలిచి ఉన్న తల్లిచెట్లలో, వాటి నీడలో వేచి ఉన్న పిల్లచెట్లలో మాత్రమే ఉంది. ఆ రెండూ పోయినచోట అడవి తనంతట తాను తిరిగి పుట్టడానికి ఆధారమే మిగలదు.

ఎండిన మాను చేసే పని

ఆరామ పరిసరాలను శుభ్రంగా ఉంచాలన్న శ్రద్ధతో పడిపోయిన చెట్లను, మోడులను తొలగించడం పరిపాటి. జీవావరణ దృష్టిలో మాత్రం ప్రాచీనారణ్యపు సంపదలో చాలా భాగం ఆ మోడులలోనే ఉంది. హార్న్‌బిల్ జాతి పక్షులు పెద్దచెట్ల తొర్రలలోనే గూడు పెడతాయి. ఆడపక్షి తొర్రలో ప్రవేశించి, సన్నని చీలిక మాత్రం వదిలి ద్వారాన్ని మూసుకుంటుంది. గుడ్లు పొదిగి, పిల్లలు కొంత ఎదిగేవరకు మగపక్షి ఆ చీలిక గుండా ఆహారం అందిస్తుంది. అంతటి తొర్ర ఏర్పడాలంటే చెట్టు లావెక్కాలి, కొమ్మ విరగాలి, శిలీంధ్రం లోపలి చేవను తొలచాలి. ఇదంతా పదుల ఏళ్ల పని. పండ్లు తిని విత్తనాలను దూరదూరాలకు చేర్చే ఈ పక్షికి తొర్ర లేకపోతే, దానిపై ఆధారపడిన చెట్ల సంతతీ తగ్గిపోతుంది.

సింహరాజలో పక్షులు జాతిభేదం లేకుండా గుంపులు కట్టి తిరుగుతాయి. ఒక్కొక్క గుంపులో సగటున నలభై వరకు పక్షులు, పది పన్నెండు జాతులు ఉంటాయి. కొన్ని ఆకుల అడుగున, కొన్ని కాండం మీద, కొన్ని గాలిలో ఎగురుతూ పురుగులను పడతాయి. డ్రోంగో పక్షి ఆపదను గమనించి కేక వేస్తే మిగిలినవన్నీ అప్రమత్తమవుతాయి. అడవి అనేక అంతస్తులుగా ఉన్నప్పుడే ఇటువంటి సహజీవనం సాధ్యం. ఇదే అరణ్యంలో 2001లో ఒక చిన్న గుడ్లగూబ పరిశోధకుల కంటబడింది. 2004లో అది శాస్త్రానికి కొత్త జాతిగా నమోదయింది. జనసాంద్రత అధికమైన ఒక చిన్న ద్వీపంలో, శాస్త్రజ్ఞులు నిత్యం తిరిగే అడవిలో, ఒక పక్షిజాతి అంతకాలం పేరు లేకుండానే బతికింది.

నీటి విషయానికి వస్తే, కుళ్లుతున్న ఆకులు, మానులు, వేళ్ల అల్లిక కలిసి నేలను మెత్తని పరుపులా చేస్తాయి. కుండపోత వర్షం ఆ పరుపులో ఇంకి నెమ్మదిగా వాగులలోకి ఊరుతుంది. నేల గట్టిపడినచోట అదే వర్షం మట్టిని కోసుకుంటూ పారుతుంది. కర్బనం విషయంలోనూ ప్రాచీనారణ్యాల విలువ ఇటీవల స్పష్టమయింది. ముసలి అడవి ఇక గాలిలోని కర్బనాన్ని గ్రహించదని ఒకప్పుడు భావించేవారు. సమశీతోష్ణ, శీతల మండలాల అడవులపై 2008లో 'నేచర్' పత్రికలో వెలువడిన అధ్యయనం, వందల ఏళ్ల అడవులు కూడా కర్బనాన్ని కూడబెడుతూనే ఉంటాయని చూపింది. 2014లో అదే పత్రికలో 403 వృక్షజాతుల కొలతలతో వెలువడిన మరొక అధ్యయనం, అత్యధిక జాతులలో చెట్టు పెద్దదయ్యే కొద్దీ ఏటా అది సమకూర్చుకునే ద్రవ్యరాశి పెరుగుతుందని తేల్చింది.

గొడ్డలి ఆగిన తరువాత

సింహరాజ చరిత్రలో రాజ్యాధికారం రెండు విధాలుగానూ పని చేసింది. 1840లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టం, యాజమాన్యం రుజువు కాని అడవులను, బంజరులను రాజ్యపు ఆస్తిగా పరిగణించింది. గ్రామాలు ఉమ్మడిగా అనుభవిస్తూ వచ్చిన కొండ అడవులలో చాలా భాగం ఆ తరువాత కాఫీతోటలకు, అనంతరం తేయాకుతోటలకు సమర్పితమయ్యాయి. ద్వీపపు తేమ మండలంలో నేడు సహజారణ్యం పదోవంతు కూడా మిగలలేదు. నిటారు కొండల వల్ల, దారులు లేకపోవడం వల్ల సింహరాజ ఆ వినాశం నుంచి చాలావరకు తప్పించుకుంది. 1875లో దీని అధికభాగం రాజ్యపు రక్షితారణ్యమయింది.

అయితే 1970వ దశకం ఆరంభంలో ప్లైవుడ్ పరిశ్రమకు కలప కోసం ఈ అడవి పశ్చిమ భాగంలో యంత్రాలతో చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. ప్రకృతి ప్రేమికులు, శాస్త్రజ్ఞులు, సాధారణ పౌరులు తీవ్రంగా నిరసించారు. 1977లో ఆ పని ఆగిపోయింది. అప్పుడు కొట్టినది ఎంపిక చేసిన పెద్దచెట్లనే. పిల్లచెట్లు, ఇతర జాతులు చాలావరకు మిగిలాయి, పక్కనే తాకని అడవి ఉంది. అందువల్ల కొట్టిన భాగంలో మళ్లీ పచ్చని పైకప్పు ఏర్పడింది. దూరం నుంచి చూసేవారికి తేడా తెలియదు. కాని లారీలు, ట్రాక్టర్లు తిరిగి నేల గట్టిపడిన దారుల వెంట తొందరగా ఎదిగి తొందరగా చచ్చే జాతులే ముందుగా ఆక్రమించాయి. వెలుతురు చొరబడిన అంచులలో అమెరికా ఖండం నుంచి వచ్చిన క్లిడెమియా పొద వ్యాపించింది.

అడవిని పూర్తిగా నరికి, సాగుచేసి, వదిలివేసిన చోట్ల పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ 'కెకిల్ల' అని సింహళంలో పిలిచే ఫెర్న్ మొక్క నడుములోతున దట్టంగా అల్లుకుంది. అది ఎండి తరచు నిప్పంటుకుంటుంది. కాలిన నేలలో మళ్లీ అదే మొలుస్తుంది. పక్కనే అడవి ఉన్నా విత్తనాలు ఆ అల్లికను దాటి నేలను చేరలేవు. ఇటువంటి భూములలో 1970వ దశకం చివరి నుంచి సింహరాజ చుట్టూ రక్షణ వలయంగా కరీబియన్ పైన్ చెట్లను నాటారు. పచ్చదనం వచ్చింది, మంటలకు కొంత అడ్డుకట్ట పడింది, కాని అడవి రాలేదు.

అనంతరం శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. పైన్ వరుసలలో కొన్నింటిని తొలగించి, ఆ సందులలో స్థానిక అరణ్య జాతుల పిల్లమొక్కలను నాటారు. పూర్తి నీడలో నాటినవాటి కన్నా సందులలో నాటినవి బాగా ఎదిగాయి. పైన్ చెట్టు దాదిలా పనిచేసింది. ఆశ కలిగించే ఫలితమిది. కాని ఆ ప్రయోగానికి కావలసిన పిల్లమొక్కలు, వాటి విత్తనాలు, ఏ జాతి ఎక్కడ పెరుగుతుందన్న జ్ఞానం – అన్నీ లభించినది పక్కనే మిగిలిన ప్రాచీనారణ్యం నుంచే. మూలప్రతి నశించని చోటనే నకలు సాధ్యపడుతుందన్న సంగతి ప్రాచీన తాళపత్రాలతో పనిచేసేవారికి కొత్త కాదు.

వినయం బోధించే నిగ్రహం

భూతగామ శిక్షాపదానికి వినయపిటకం చెప్పే నిదానం ఇది. ఆళవిలోని భిక్షువులు నిర్మాణాల కోసం చెట్లు నరుకుతుండగా, ఒక చెట్టును ఆశ్రయించిన దేవత అడ్డుచెప్పినా ఒక భిక్షువు వినలేదు. గొడ్డలి వేటు ఆ దేవత బిడ్డ చేతికి తగిలింది. దేవతకు ఆ భిక్షువును చంపాలన్నంత కోపం వచ్చినా నిగ్రహించుకుని భగవానుని ఆశ్రయించింది. ప్రజలు కూడా, శ్రమణులు ప్రాణమున్న చెట్లను హింసిస్తున్నారని నిందించారు. చెట్టుకు ప్రాణమున్నదని ప్రజలు భావిస్తారన్నది ఈ నియమానికి చూపిన హేతువులలో ఒకటి. చెట్టు చేతనమా కాదా అన్న సిద్ధాంత చర్చను పరిష్కరించకుండానే నియమం ఏర్పడటం గమనార్హం. వేరు, కాండం, కణుపు, చిగురుకొమ్మ, గింజ – ఈ ఐదింటిలో దేని ద్వారా పుట్టినదైనా భూతగామమే అని వినయం వర్గీకరిస్తుంది. చెట్టును కేవలం కలపగా చూడక, సంతతి ఏ మార్గాన సాగుతుందో గమనించిన దృష్టి అందులో కనిపిస్తుంది.

అరణ్య సేనాసనం గ్రామానికి కనీసం 500 ధనువుల దూరంలో ఉండాలన్నది మరొక నియమం. ధనువు నాలుగు మూరలనుకుంటే ఇది దాదాపు ఒక కిలోమీటరు. ఏకాంతం దీని ప్రధానోద్దేశం. ఫలితంగా ఊరికీ అడవికీ నడుమ ఒక ఎడం కూడా ఏర్పడింది. భిక్షువు అడవిలో వండుకోడు, పండించుకోడు. ఆహారానికి ఊరికి వస్తాడు, వాసానికి అడవికి పోతాడు. వనరులను తీసుకోకుండా అడవిలో ఉండగలిగిన జీవన విధానం అది.

ఈ జీవన విధానపు శిలారూపం ఉత్తర మధ్య శ్రీలంకలోని రితిగలలో కనిపిస్తుంది. అరిట్ఠ పర్వతమని మహావంసం పేర్కొన్నది దీనినే. క్రీ.శ. 9వ శతాబ్దంలో మొదటి సేన రాజు పాంసుకూలిక భిక్షువులకు ఇక్కడ విహారం నిర్మించినట్లు చూళవంసం చెబుతుంది. రాతి పరచిన దారులు, జంట వేదికలు, జలాశయం నేటికీ ఉన్నాయి. స్తూపాలు, ప్రతిమాగృహాలు, ఆడంబర శిల్పాలు మాత్రం లేవు. ఆ నిర్మాణాలకు ప్రాకారం, పైకప్పు, అలంకారం అన్నీ అడవే. ఊరు తొలగిపోయిన తరువాత శతాబ్దాల కాలంలో శిథిలాల మధ్య అడవి తిరిగి వ్యాపించింది. 1941లో రితిగల కొండ కఠిన ప్రకృతి రక్షణ క్షేత్రమయింది. శిథిలాలను మాత్రం మిగిల్చి చుట్టూ అడవిని తొలగిస్తే ఆ కట్టడానికి అర్థమే మారిపోతుంది. రాతిని చీల్చే వేళ్లను తొలగించక తప్పదు. కాని కట్టడాన్ని చీల్చే చెట్టు వేరు, కట్టడానికి నెలవైన అడవి వేరు. ఆ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్నది పురావస్తు శాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రజ్ఞుడు కలిసి నిర్ణయించవలసిన విషయం.

నాటడంలోని ప్రమాదం: ఉడవత్తకేలే

క్యాండీ నగరంలో దంతధాతు మందిరం వెనుక ఉన్న ఉడవత్తకేలే ఒకప్పటి రాజవనం. 1938లో అది అభయారణ్యంగా ప్రకటితమయింది. దాని పరిధిలో అరణ్య కుటీరాలు ఉన్నాయి. న్యానపోనిక మహాథేరులు 1994లో కాలధర్మం చెందేవరకు దశాబ్దాల పాటు నివసించినది అక్కడి కుటీరంలోనే. గొడ్డలి నుంచి ఆ అడవికి రక్షణ లభించింది. అయినా దాని స్వరూపం మారుతోంది. వలస పాలన కాలంలో అమెరికా ఖండం నుంచి ద్వీపానికి తెచ్చి నాటిన మైరాక్సిలాన్ అనే సుగంధ వృక్షం అక్కడ స్వేచ్ఛగా వ్యాపించింది. దాని రెక్కల కాయలు గాలికి ఎగిరి పడి, మొలకలు దట్టంగా లేచి, స్థానిక జాతుల మొలకలకు చోటు లేకుండా చేస్తున్నాయి. ఇళ్లలో అలంకారానికి పెంచే మనీప్లాంట్ తీగ కూడా నేలను, కాండాలను కప్పివేస్తోంది.

అడవి లోపల, అడవి అంచున ఏది నాటుతున్నామన్న వివేచన లేకపోతే నాటడమే హాని కాగలదని ఉడవత్తకేలే తెలుపుతోంది. కంచె వేసి వదిలివేస్తే చాలదన్నది కూడా అక్కడి అనుభవమే. విదేశీ మొలకలను ఏటా ఓపికగా పీకివేసే పని, స్థానిక మొలకలను గుర్తించగల కన్ను అవసరం.

ఆరామాలకు, వారసత్వ క్షేత్రాలకు

భారతదేశంలో అటవీ భూమిని ఇతర ప్రయోజనాలకు మళ్లించినప్పుడు బదులుగా మొక్కలు నాటాలని, అడవి నికర విలువను చెల్లించాలని నియమం ఉంది. ఆ నిధుల నిర్వహణకు 2016లో పరిహార వనీకరణ నిధి చట్టం వచ్చింది. ఏమీ చేయకపోవడం కన్నా ఇది మేలే. కాని పరిహారం అనే మాటలోనే ఒక భ్రమ దాగి ఉంది. నష్టమూ, పరిహారమూ ఒకే జాతి వస్తువులన్న భావం ఆ మాటలో ఉంది. సాలవనంలో కోల్పోయేది విత్తనం, నీడ, శిలీంధ్రం, తొర్ర, పక్షి పరస్పరం ముడివడిన కాలక్రమాన్ని. నాటేది మొక్కలను. ఈ రెండింటినీ హెక్టార్లలో సమానం చేయడం సాధ్యం కాదు.

తెలుగు నేలకూ ఈ విషయంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. సాలవృక్షపు సహజ వ్యాప్తికి దక్షిణపు అంచు ఉత్తరాంధ్ర కొండలలో ఉంది. దక్షిణాన శేషాచలం వంటి కొండలలో జలారితో పాటు, తూర్పు కనుమలలో తప్ప మరెక్కడా పెరగని షోరియా తుంబుగ్గాయియా అనే వృక్షం ఉంది. అంతరించే ప్రమాదమున్న జాతులలో అది ఒకటి. సింహరాజ షోరియాలకు ఇవి ఎండనేలలలోని బంధువులు. వీటి పెద్దచెట్లు నిలిచి ఉన్న కొండవాలులను గుర్తించి కాపాడుకోవడం, తరువాత వాటి పిల్లమొక్కలను పెంచుకోవడం కన్నా ముందుగా జరగవలసిన పని.

అడవి అంచున ఉన్న ఆరామాలు, అన్వేషణలు జరుగుతున్న స్థలాలు పాటించదగిన పద్ధతులు కొన్ని ఈ పరిశీలన నుంచి సహజంగానే తేలుతాయి. కొత్త కుటీరాలు, దారులు, వాహనాల నిలుపుదల స్థలాలు ఇదివరకే తెరిపి అయిన నేలలోనే ఉండాలి. లోపలికి వేసే ఒక్క రోడ్డు కూడా వెలుతురును, గాలిని, కలుపు విత్తనాలను వెంటబెట్టుకుని వస్తుంది. చంక్రమణ మార్గం మేర ఆకులు ఊడ్చుకోవచ్చు, అడవి నేలను ఊడ్వరాదు. దారికి అడ్డుపడిన మానును పక్కకు జరిపితే చాలు, కాల్చివేయవలసిన పని లేదు. యాత్రికులకు, కట్టడానికి ప్రమాదం లేనిచోట మోడులను నిలవనివ్వాలి. నాటవలసి వస్తే ఆ కొండకే చెందిన తల్లిచెట్ల కింద దొరికే విత్తనాలను, రాలిన కొద్ది రోజులలోనే, ఆ నేల మట్టితోనే మొలిపించాలి. పుణ్యార్థం తెచ్చే విదేశీ అలంకార మొక్కలను సవినయంగా ఊరివైపు ఆవరణకు మళ్లించాలి. పురావస్తు నివేదికలలో కట్టడాల కొలతలతో పాటు చుట్టూ ఉన్న పెద్దచెట్ల జాతి, చుట్టుకొలత, స్థానం కూడా నమోదు చేస్తే, ముప్పై ఏళ్ల తరువాత వచ్చే పరిశోధకునికి ఏది పోయిందో, ఏది నిలిచిందో తెలుస్తుంది.

గ్రామస్థులను వెలివేసే రక్షణ నిలవదన్నది సింహరాజ అనుభవం. అడవిని ఉమ్మడి ఆస్తిగా ఎరిగినవారి చేతి నుంచి తీసుకున్న 1840 చట్టమే దానిని తోటల యజమానులకు అప్పగించింది. బెల్లం కాచేవారు, మందుతీగలు ఎరిగినవారు అడవికి తొలి కావలివారు. సుగంధ ద్రవ్యం కోసం వల్లపట్ట చెట్లను దొంగచాటుగా నరికే ముఠాలను ముందుగా గమనించగలిగేది కూడా వారే.

వనరోప సుత్తం చెప్పిన పుణ్యానికి ఇందువల్ల ఏ లోపమూ రాదు. బాటసారికి నీడనిచ్చే మర్రి, ఊరికి పండ్లనిచ్చే మామిడితోపు నాటవలసినవే, నాటదగినవే. అవి ఊరివి. అరణ్యం విషయంలో మాత్రం భిక్షువుకైనా, పరిశోధకునికైనా మొదటి కర్తవ్యాన్ని భూతగామ శిక్షాపదమే నిర్దేశిస్తుంది. నిలిచి ఉన్న చెట్టు మీద చేయి వేయకుండా ఉండటం, దాని నీడలో వేచి ఉన్న పిల్లచెట్టుకు కాలం ఇవ్వడం. నలభై యాభై ఏళ్ల క్రితం సింహరాజలో గొడ్డలిని ఆపినవారు ఒక్క మొక్కనూ నాటలేదు. నేడు ఆ అడవిలో రాలే ప్రతి విత్తనమూ వారు ఆపినందువల్లనే రాలుతోంది.